పాత జీపును డొంకబాటకు సిద్ధపరచుట

తక్కువ ఖర్చుతో చేయదగిన మార్పులు

పంట చేతికి వచ్చు దినములలోనే అకాల వర్షములు పడుట మన రైతులకు క్రొత్త కాదు. ఏరిన పత్తి పొలములో తడియుచుండగా బండి పోలేకపోవుట, కల్లములోని మిరప బస్తాలు రోడ్డు చేరలేకపోవుట, రాత్రివేళ పాము కరచిన వానిని సకాలమున ఆసుపత్రికి చేర్చలేకపోవుట, ఇవి అన్నియు బాట చెడిపోవుట వలన కలుగు నష్టములే. తారు రోడ్డు గ్రామము వరకు వచ్చినను, గ్రామమునుండి పొలమునకు పోవు పుంత, డొంక, బండ్లబాట చాలచోట్ల నేటికిని మట్టిబాటగనే ఉన్నది. అందుచేత కొందరు రైతులు కలసి గాని, విడిగా గాని, వాడిన జీపు తరహా బండిని కొని వాడుకొనుచున్నారు. అట్టి బండిని పొలముబాటకు ఎట్లు సిద్ధపరచుకొనవలెనో, ఏ ఖర్చు అవసరమో, ఏది దండుగయో ఈ వ్యాసమున వివరింపబడును.

మన దేశమున విల్లీస్ జీపుల కూర్పు 1947లో మహీంద్రా వారిచే ప్రారంభింపబడెను. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము మొదలైన పిమ్మట బ్లాకు అధికారుల జీపులు పల్లెలకు రాసాగెను. ఆ విధముగా జీపు అను మాట మన ఊళ్లలో నిలిచిపోయినది. నేడు ఎస్.యు.వి. అని పిలువబడు బండ్లన్నియు ఆ జాతివి కావు. ఎత్తుగా కనబడినంత మాత్రమున బండి బురదలో నడువదు. కావున కొనుటకు ముందే ఈ భేదమును గుర్తింపవలెను.

ఏ బండి తగినది?

పొలముబాటకు నిచ్చెనవంటి గట్టి చాసిస్‌పై కట్టిన బండి మేలు. వెనుక కమాను పట్టీలు ఉన్నచో బరువు మోయుటకును, పల్లెలోని మెకానిక్ బాగుచేయుటకును అనువుగా ఉండును. 2000 సంవత్సరమున విడుదలైన బొలెరో ఈ తరగతికి చెందినది. మన జిల్లాలలో దాని విడిభాగములు సులభముగా దొరకును కనుక ఈ వ్యాసమున దానినే ఉదాహరణముగా తీసికొనుచున్నాము. ఇందులో చెప్పిన విషయములు ఇతర కంపెనీల ఇట్టి బండ్లకును వర్తించును.

బొలెరోలలో ఎక్కువ భాగము వెనుక చక్రములు మాత్రమే లాగునవి. నాలుగు చక్రములు లాగు రకము దొరికి, దాని గేరు వ్యవస్థ సరిగా ఉన్నచో మంచిదే. ఐతే ఆ లాగుడును బురదలోను, ఇసుకలోను మాత్రమే వేయవలెను. సాధారణముగా అట్టి బండ్లలో ముందు, వెనుక ఇరుసులు ఒకటిగా బిగియును. ఎండిన తారు రోడ్డుపై మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు ఎక్కువ దూరము నడచును గనుక గేర్లపై ఒత్తిడి పెరిగి పళ్లు చెడును. సంవత్సరమునకు నాలుగైదు దినములు మాత్రమే బురద తగులు రైతు, వెనుక చక్రముల బండినే జాగ్రత్తగా సిద్ధపరచుకొనిన చాలును.

కొనునప్పుడు చూడవలసినవి

రంగు, సీట్ల గుడ్డ చూచి ధర నిర్ణయింపరాదు. బండి క్రిందికి దూరి చూడవలెను.

(1) చాసిస్: కమాను పట్టీలు చాసిస్‌కు తగిలించు చోట, అడ్డపట్టీల అతుకుల వద్ద, తుప్పును, పగుళ్లను చూడవలెను. సన్నని సుత్తితో తట్టినప్పుడు ఖణేలుమనవలెను. మొద్దు చప్పుడు వచ్చినచో లోపల ఇనుము తినివేయబడినట్లు అనుమానింపవలెను. సముద్రతీర ప్రాంతమున తిరిగిన బండి విషయమున ఈ పరీక్ష మరింత ముఖ్యము.

(2) ఇంజను: ఇంజను వేడెక్కిన తరువాత నూనె పోయు మూత తీసి చూడవలెను. అందుండి దట్టమైన పొగ దమ్ములు దమ్ములుగా వచ్చుచున్నచో పిస్టన్ రింగులు అరిగినవని భావింపవచ్చును.

(3) ముందు చక్రములు: జాకీతో లేపి, చక్రమును పైన, క్రింద పట్టి ఊపవలెను. కదలిక ఉన్నచో బేరింగులు గాని, బాల్‌జాయింట్లు గాని అరిగినవి.

(4) మునక గుర్తులు: 2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడ, ఖమ్మం ప్రాంతములలో వచ్చిన వరదలలో బండ్లు అనేకము మునిగినవి. సీటు పట్టాల సందులలో ఒండ్రు, ఫ్యూజుల పెట్టెలో మట్టిమరక, తివాచీ క్రింద మురుగు వాసన కనబడినచో ఎంత చౌకగా వచ్చినను కొనరాదు.

(5) టైరు వయస్సు: టైరు ప్రక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలను చూడవలెను. 3521 అని ఉన్నచో అది 2021వ సంవత్సరపు 35వ వారమున తయారైనదని అర్థము. గాడి ఎంత లోతున్నను, ప్రక్కగోడ చిట్లిన పాత టైరును నమ్మరాదు.

(6) కాగితములు: స్వంత బండి రిజిస్ట్రేషన్ 15 సంవత్సరముల వరకు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి, 5 సంవత్సరముల చొప్పున పొడిగించుకొనవలెను. అప్పు మీద కొన్న బండియైనచో అప్పు తీరినట్లు 35వ నంబరు ఫారము ఉన్నదేమో చూడవలెను. కొన్నవాడు 30 దినములలో పేరు మార్పునకు దరఖాస్తు పెట్టవలెను.

మొదటి ఖర్చు మరమ్మతునకే

పాత బండిని సిద్ధపరచుటలో ఒక సూత్రము జ్ఞాపకముంచుకొనవలెను. ఖర్చు క్రింది నుండి పైకి పోవలెను. నేలను తాకునది టైరు. టైరును మోయునది ఇరుసు, కమాను. వాటిని మోయునది చాసిస్. ఇవి బాగుపడిన తరువాతనే పై వస్తువుల సంగతి చూడవలెను. బురదలో దిగబడిన బండ్లను పరిశీలించినచో, కప్పుపై దీపముల వరుస, ముందు ఇనుప కమ్ముల చట్రము ఉండి, టైర్లు మాత్రము నున్నగా అరిగిన బండ్లు తరచు కనబడును. అట్టి బండికి పెట్టిన ఖర్చు చూపులకే గాని చక్రమునకు ఉపకరింపలేదు.

ముందుగా బ్రేకులు, క్లచ్చి, కమానుల బుష్షులు, యు-బోల్టులు, షాక్ అబ్సార్బర్లు సరిచేయించవలెను. కమాను క్రుంగినచో విరిగిన పట్టీని మార్పించి, బండిని కంపెనీ ఎత్తునకు తెచ్చిన చాలును. ఇరుసు పెట్టెలోని నూనె పాలవలె తెల్లబడినచో అందులో నీరు చేరినదని తెలిసికొని మార్పవలెను. ఈ పనులు పైకి కనబడవు. కాని బండి దారిలో నిలిచిపోవుటకు కారణము సామాన్యముగా వీటిలోనే ఉండును.

టైర్లు, గాలి

బొలెరోకు సాధారణముగా 215/75 ఆర్ 15 సైజు టైర్లు వచ్చును. సైజు మార్చకయే గాడి రకమును మార్చుకొనవచ్చును. రోడ్డు మీదను, మట్టి మీదను సమానముగా తిరుగువారు ఆల్‌ టెరైన్ అను రకమును తీసికొనవలెను. పెద్దపెద్ద గట్లు, వెడల్పు సందులు గల మడ్ టెరైన్ రకము నల్లరేగడిలో మట్టిని తనంతట తాను విదిల్చుకొనును. కాని తారు రోడ్డుపై చప్పుడు ఎక్కువ, అరుగుదల ఎక్కువ, తడి రోడ్డుపై బ్రేకు పట్టు తక్కువ. నాలుగు టైర్లు ఒకేసారి కొనలేనివారు ఒక ఇరుసుకైనను రెండును ఒకే రకమువి వేయవలెను.

గాలి పరిమాణము అన్నిటికంటె చౌకయైన సాధనము. ఒక చక్రముపై 400 కిలోల బరువు, అనగా సుమారు 880 పౌండ్లు పడుచున్నదనుకొందము. చదరపు అంగుళమునకు 32 పౌండ్ల గాలి ఉన్నప్పుడు టైరు నేలను సుమారు 27 చదరపు అంగుళముల మేర తాకును. గాలిని 18 పౌండ్లకు దించినచో సుమారు 49 చదరపు అంగుళముల మేర తాకును. బరువు ఎక్కువ చోటున పరచుకొనుటచే చక్రము తక్కువగా దిగును. ఇనుప కమ్మి చక్రముల బండి దిగబడిన చోట టైరు బండి సాగిపోవుట రైతులందరు ఎరిగినదే. సూత్రము రెంటికిని ఒక్కటే.

ఐతే నేలను బట్టి ఈ పద్ధతి మారును. వాగు ఇసుకలోను, మెత్తని దుబ్బనేలలోను గాలి దించుట మిక్కిలి మేలు. పైన నాలుగంగుళముల బురద ఉండి, క్రింద గట్టినేల ఉన్న చల్కబాటలో గాలి దింపనక్కర లేదు. అచ్చట టైరు బురదను కోసికొని క్రింది గట్టినేలను పట్టుకొనవలెను. బాగుగా నానిన నల్లరేగడి జిగటమన్ను. ఏ టైరు గాడినైనను పూడ్చివేయును. అచ్చట ఎండ కాయు వరకు ఒక దినము ఆగుటకంటె మంచి ఉపాయము లేదు.

గాలి దించిన పిమ్మట గంటకు 20 కిలోమీటర్లకు మించి పోరాదు. హఠాత్తుగా మలుపు త్రిప్పినచో టైరు రిమ్ము నుండి ఊడును. రోడ్డెక్కగనే మరల గాలి పట్టవలెను. లేనిచో టైరు వేడెక్కి పగులును. అందుచేత గాలి కొలత మీటరు, బ్యాటరీతో నడుచు చిన్న గాలిపంపు బండిలో తప్పక ఉండవలెను. రెండును కలసి ఒక్క క్రొత్త టైరు ఖరీదు కంటె తక్కువకే దొరకును.

చక్రము గిరగిర తిరుగుట

వెనుక చక్రములలో ఒకటి బురదలో పడినప్పుడు అది మాత్రమే తిరుగుచు, గట్టినేలపై ఉన్న రెండవది కదలకుండుట చూచుచున్నాము. డిఫరెన్షియల్ పళ్లచక్రములు రెండు చక్రములకును సమానమైన బలమునే ఇచ్చును. జారు చక్రము ఎంత తక్కువ బలమును పట్టగలదో, గట్టినేల మీది దానికిని అంతే అందును. ఇట్టి సమయమున యాక్సిలరేటరు గట్టిగా త్రొక్కినచో చక్రము గుంట తవ్వుకొని మరింత దిగును. దానికి బదులు చేతిబ్రేకును రెండు మూడు పళ్లు మాత్రము లాగి, తక్కువ గేరులో మెల్లగా కదల్పవలెను. జారు చక్రమును బ్రేకు పట్టుటచే రెండవ చక్రమునకును కొంత బలము చేరును. ఇది కొద్ది క్షణములు మాత్రమే చేయదగినది.

ఖాళీ బండి వెనుక భాగము తేలికగా ఉండుటచే చక్రము పట్టు తప్పును. రెండు మూడు ఇసుక బస్తాలను, మొత్తము 100 కిలోలకు మించకుండ, వెనుక ఇరుసుకు సరిగా పైన, కదలకుండ కట్టి ఉంచినచో పట్టు పెరుగును. దిగబడినప్పుడు ఆ ఇసుకయే చక్రము క్రింద వేయుటకును పనికివచ్చును.

అడుగు భాగమునకు రక్షణ

రాళ్లబాటలో తిరుగు బండికి ఇంజను నూనె తొట్టి క్రింద 3 లేక 4 మి.మీ. మందపు ఇనుప రేకు బిగించుకొనుట మంచిది. ఊరిలోని వెల్డింగు షాపులో తక్కువ ఖర్చుతో తయారగును. రేకును చాసిస్‌కు వెల్డింగు చేయరాదు. ఉన్న రంధ్రములలోనే బోల్టులతో బిగింపవలెను. నూనె దించుటకు, బురద కడుగుటకు రంధ్రములు వదలవలెను. గాలి ఆడుటకు అడ్డు రాకుండ చూడవలెను. బండిపై ఎచ్చట వెల్డింగు చేసినను ముందు బ్యాటరీ తీగలు విప్పుట మరువరాదు.

వెనుక ఇరుసు పెట్టెపై గాలి పోవుటకు చిన్న గొట్టము ఉండును. వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి ముడుచుకొని, ఆ దారిని గాని, సీళ్ల సందున గాని నీటిని లోనికి పీల్చును. ఆ గొట్టమునకు రబ్బరు గొట్టము తొడిగి పైకి, బండి నేలమట్టమునకు ఎగువకు తీసికొనిపోయి కట్టినచో ఈ బాధ తగ్గును. కొన్ని వందల రూపాయలతో చేయదగిన మార్పులలో ఇది మిక్కిలి లాభకరమైనది.

దిగబడిన బండిని లాగుట

బండిలో ఉంచుకొనవలసిన సామగ్రి స్వల్పమే: ఒక పార, నాలుగు గోనె సంచులు, జాకీ క్రింద వేయుటకు అడుగు చదరము, రెండంగుళముల మందము గల చెక్కపలక, బండి బరువునకు రెండు మూడు రెట్లు తాళు నైలాన్ పట్టీ, రెండు ఇనుప డి-షాకిళ్లు. చెక్కపలక లేనిచో జాకీ బురదలో తాను దిగునే గాని బండిని లేపదు.

పట్టీని చాసిస్‌కు బిగించిన లాగుడు కొక్కెమునకు మాత్రమే తగిలింపవలెను. బంపరుకు గాని, స్టీరింగు కడ్డీకి గాని కట్టరాదు. పాత బండిలో కొక్కెము లేనిచో, టైర్ల తరువాత మొదట కొనవలసినది అదియే.

మన గ్రామములలో దిగబడిన జీపును ట్రాక్టరుతో లాగుట అలవాటు. ఇందులో ప్రాణాపాయము గలదు. ట్రాక్టరు వైపు కట్టు ఎల్లప్పుడు క్రిందనున్న డ్రాబారుకే వేయవలెను. పైనున్న టాప్‌లింకు చోట గాని, ఇరుసుకంటె ఎత్తైన మరి యే చోట గాని కట్టినచో, జీపు కదలనప్పుడు ట్రాక్టరు ముందు చక్రములు లేచి అది వెనుకకు తిరగబడును. ముందు చక్రములు లేచుట మొదలైన పిమ్మట నడుపువాడు తప్పించుకొనుటకు రెండు సెకండ్ల వ్యవధి కూడ ఉండదు. మొదట చక్రముల ముందరి బురదను పారతో తీసి, తరువాత తక్కువ గేరులో మెల్లగా లాగవలెను. దూరమునుండి ఉరికి లాగరాదు.

తెగిన గొలుసు గాని, తీగ త్రాడు గాని కొరడావలె తిరిగి కొట్టును. లాగునప్పుడు త్రాడు నడుమ తడిపిన గోనె సంచి వేయవలెను. చూచుటకు వచ్చినవారిని, ముఖ్యముగా పిల్లలను, త్రాడు పొడవునకు ఒకటిన్నర రెట్ల దూరమున నిలుపవలెను.

పారు నీటికి ఏ మార్పును చాలదు

ఎంత ఖర్చు పెట్టినను జీపు పడవ కాదు. లెక్క చూడుడు. బొలెరో వంటి బండి నేలపైన పరచుకొను వైశాల్యము చక్రముల చోటు పోగా సుమారు 6 చదరపు మీటర్లు. బండి అడుగుకు పైగా నీరు ప్రతి 10 సెం.మీ. పెరిగినప్పుడు, లోనికి నీరు చేరకముందు, సుమారు 600 కిలోల బరువును నీరు పైకి లేపును. అనగా అడుగుకు పైన 25 సెం.మీ. నీరు వచ్చుసరికి టన్నున్నర బండి తేలికయై చక్రములు నేలను వదలును. అంతకు ముందే ప్రవాహపు త్రోపుడు దానిని చప్టా అంచునకు నెట్టును. రెండడుగుల లోతున పారు నీరు జీపు తరహా బండ్లను కూడ కొట్టుకొనిపోగలదు. 2024 సెప్టెంబరు వరదలలో వాగులు దాటబోయి బండ్లతో సహా కొట్టుకొనిపోయి మరణించినవారు గలరు.

కావున పారు నీరు చప్టాపైనుండి పొర్లుచున్నప్పుడు దిగనే కూడదు. నిలువ నీరైనచో కర్రతో లోతు చూచి, చక్రపు నడిమి మట్టమునకు మించకున్నచో, మొదటి గేరులో ఆగకుండ మెల్లగా పోవలెను. దాటిన పిమ్మట బ్రేకును తేలికగా త్రొక్కుచు కొంత దూరము నడిపి ఆరబెట్టవలెను. నీటిలో ఇంజను ఆగిపోయినచో మరల తిప్పరాదు. సిలిండరులో చేరిన నీరు నొక్కుకొనిపోదు గనుక కనెక్టింగు రాడ్లు వంగును. ఇంజను మరమ్మతు ఖర్చు బండి ఖరీదులో పెద్ద భాగమగును.

చేయరాని మార్పులు

కమానుల క్రింద పొడవు బిళ్లలు వేసి బండిని ఎత్తు చేయుట, చక్రములను వెలుపలికి జరుపు బిళ్లలు వేయుట, కప్పుపై బస్తాలు ఎక్కించుట మంచివి కావు. బరువు కేంద్రము పైకి పోయిన కొలదియు కాలువ గట్టుపై బండి ఒరిగి పడు భయము పెరుగును. 1988 మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము ప్రకారము బండి నిర్మాణమును కంపెనీ వివరములకు భిన్నముగా మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయమును స్థిరపరచినది. ముందు భాగమున ఇనుప కమ్ముల చట్రము బిగించుటను 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ అక్రమమని తెల్పినది. ఢీకొన్నప్పుడు అది పాదచారులకును, లోపలివారికిని హాని కలిగించును. సందేహమున్నచో పని చేయించక ముందే రవాణా కార్యాలయములో విచారింపవలెను.

స్వంత బండిగా రిజిస్టరైన జీపులో కిరాయికి మనుషులను గాని, సరుకును గాని ఎక్కింపరాదు. ప్రమాదము జరిగినచో బీమా సొమ్ము విషయమున చిక్కులు కలుగును.

పొలమునకు హాని కలుగకుండ

బండి ఎచ్చటికైనను పోగలదని తడి చేనిలోనికి దింపరాదు. పదును ఎక్కువగా ఉన్న నేలపై చక్రము నడచినచో మట్టి అదిమి గట్టిపడి, వేరు దిగక, నీరు ఇంకక ఆ చాలులో పైరు గిడసబారును. ఎప్పుడును ఒకే బాటను వాడవలెను. ఎండిన గడ్డిపైన, కొయ్యకాళ్లపైన వేడి బండిని నిలుపరాదు. పొగగొట్టపు వేడికి మంట పుట్టవచ్చును. నూర్పిడికై రోడ్డుపై పరచిన చొప్ప, గడ్డి ఇరుసుకు చుట్టుకొని అంటుకొనును. దాటిన వెంటనే దిగి చూచి తీసివేయవలెను.

ఖర్చు పెట్టవలసిన వరుస

1. బ్రేకులు, క్లచ్చి, కమానులు, నూనెలు.
2. మంచి టైర్లు, గాలి మీటరు, చిన్న గాలిపంపు.
3. ముందు, వెనుక చాసిస్‌కు లాగుడు కొక్కెములు, నైలాన్ పట్టీ, డి-షాకిళ్లు.
4. పార, గోనె సంచులు, జాకీ పలక.
5. ఇరుసు గాలిగొట్టము పొడిగింపు.
6. రాళ్లబాట ఉన్నచో అడుగు రేకు.

ఇంతటితో ఆపవచ్చును. మిగిలిన సొమ్మును గ్రామస్థులు కలసి బాటలోని ఒక్క చెడ్డ మడుగుపై గ్రావెలు పోయించుటకు, ప్రక్కకాలువ తీయించుటకు వినియోగించినచో, జీపు లేని రైతు ఎడ్లబండియు ఆ దారినే సుఖముగా పోవును. గ్రామాధికారులు వర్షాకాలమునకు ముందే పొలముబాటలను తిరిగి చూచి, నీరు నిలుచు చోటులను గుర్తించి, చప్టాల వద్ద నీటి లోతు తెలుపు రాళ్లను నాటింపజేయుట ఎంతయు అవసరము.